నీళ్లు చూసే చేతి వణుకు

అనంతపురం చుట్టుపక్కల పల్లెల్లో ఫిజియోథెరపిస్టు అనే మాట ఎవరికీ నోరు తిరగదు. నన్ను 'కరెంటు పెట్టే మేడమ్' అనేవాళ్లు. నడుము మీద మెత్తలు అంటించి మిషను తిప్పితే చురచురమంటుంది కదా, నా చదువంతా ఆ చురచురలోనే ఉందని వాళ్ల నమ్మకం. మిషను జోలికి పోకుండా చెయ్యి పట్టుకుని వ్యాయామం చేయిస్తే, "ఈపొద్దు కరెంటు లేదా మేడమ్?" అని దిగులుగా అడిగేవాళ్లు. నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉండేది.

పోయిన ఏడాది రిటైరయ్యాను. గార్లదిన్నెలో ఇల్లు. కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతో రాలేదు. పొద్దున లేచింది మొదలు వాకిలికీ వంటింటికీ తిరుగుతుంటే, "కాలు గాలిన పిల్లి మాదిరి ఏం తిరుగుతావు సలోమీ, కూసో" అంటాడు మా ఆయన. కూర్చుంటాను. కాసేపటికి కాళ్లు పీకుతాయి, లేస్తాను.

మొన్న ఆసుపత్రిలో నా గదిలో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, ఒక రోగికి పరీక్షలన్నీ బాగున్నాయి. ఆయనకు చెయ్యి మాత్రం లేవడం లేదు. అబద్ధం చెబుతున్నాడంటారా?" అని అడిగింది. ఫోన్లో చెప్పబోతే మాట ఎక్కడెక్కడికో పోయింది. ఆ పిల్లకూ, ఆమె తర్వాత ఆ గదిలోకి వచ్చేవాళ్లకూ రాసి పెట్టడమే మేలనిపించింది. నాకు ఎప్పుడు జీతం పెరిగింది, ఏ కాగితాలు నింపాను అన్నవి ఎవరికీ అక్కరకు రావు. నాకు బుద్ధి నేర్పినవి రాస్తాను.

పెద్దాయన

మా ఆసుపత్రి ఊరి బయట ఎవరో పుణ్యాత్ములు పెట్టింది. అక్కడ ఎముకల డాక్టరును మేమంతా పెద్దాయన అనేవాళ్లం. విరిగిన ఎముకను చూస్తే ఆయన మొహం వెలిగిపోయేది. చెట్టు మీదనుంచి పడ్డవాళ్లను, లారీ గుద్దినవాళ్లను ఎంతమందిని లేపి నడిపించాడో లెక్కలేదు. ఆ చేతులకు ఇప్పటికీ దండం పెడతాను.

కానీ ఎక్స్‌రే ఫిల్ములో కనబడని నొప్పి అంటే ఆయనకు ఒళ్లుమంట. ఫిల్మును వెలుతురుకు పట్టుకుని, "ఏమీ లేదు, పో" అనేవాడు. ఏమీ లేదంటే రోగి సంతోషించాలి కదా? సంతోషించరు. దొంగతనం అంటగట్టినట్టు మొహం మాడిపోతుంది. మరీ పట్టుబట్టి అడిగితే "మానసికం" అనేవాడు. ఆ మాట మన పల్లెల్లో పిచ్చి అనే వినబడుతుంది. లేచి వెళ్లిపోయి తాయెత్తు కట్టించుకునేవాళ్లు.

ఒకసారి ఉండబట్టలేక అనేశాను. "సార్, పొద్దున్నుంచీ మీ భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. అది ఏ ఫిల్ములోనూ పడదు." ఆయన భుజాలు దించాడు. నా వైపు కోపంగా చూశాడు. మళ్లీ అవి పైకి లేచాయి. "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు.

ఇక్కడ రెండో వైపు కూడా చెప్పాలి. ఒళ్లు మాట్లాడుతుంది, ఒంటి మాట వినాలి అని ఈ మధ్య సెల్లుఫోన్లలో ప్రతివాడూ చెబుతున్నాడు. వినండి, కానీ ముందు పరీక్షలు చేయించండి. గుండెలో బరువుగా ఉందన్నవాళ్లందరికీ దుఃఖమే ఉండదు, కొందరికి గుండెజబ్బే ఉంటుంది. యాడికి అనే ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కొడుకు మీద బెంగతోనే ఆయాసం అని తేల్చి చెప్పాడు. మాట వినకుండా గుండె డాక్టరు దగ్గరికి తోలాను. ఆ సాయంత్రమే చేర్చుకున్నారు.

ధర్మవరం మెడ

"ఎందుకు" అని అడగకూడదని నాకు నేర్పింది ఒక నేతపని ఆమె. ధర్మవరం నుంచి వచ్చింది, పేరు నాగవేణి. మెడ కుడివైపు తిరగదు. ఫిల్ము శుభ్రంగా ఉంది. "ఇంట్లో ఏమైనా గొడవా? ఎందుకొచ్చింది ఇది?" అని అడిగాను. ఆమె మొహం తలుపేసినట్టయింది. ఎందుకు అంటే జనానికి పోలీసు స్టేషను గుర్తొస్తుంది.

మరుసటి వారం మాట మార్చాను. "యాడమ్మా? వేలు పెట్టి చూపించు" అన్నాను. ఆమె వేలు మెడ మీదికి పోలేదు. గొంతు కింద గుంట మీద ఆగింది. "ఈడ ఏదో అడ్డం పడినట్టుంటాది మేడమ్." ఎప్పుడు అడ్డం పడుతుంది అంటే, "మగ్గం కాడ కూసున్నప్పుడు" అంది. పట్టుచీర అంచుకు ఇద్దరు కూర్చోవాలి. పక్కన కుడివైపు ఎవరు కూర్చుంటారు అంటే, "ఆయప్పే" అంది. మొగుడితో పండగ ముందు నుంచీ మాటలు లేవు. ఇద్దరూ పొద్దుగూకులూ ఒకే మగ్గం మీద పని చేస్తూ, ఒకరి వైపు ఒకరు తిరగకుండా చీరలకు చీరలు నేసి దించారు. అది చెబుతూ చెబుతూ ఆమె ఒక పెద్ద ఊపిరి వదిలింది. తర్వాత ఏడ్చింది. ఆ రోజు మెడ కొంత తిరిగింది.

మిగతాది వ్యాయామంతోనే తగ్గింది, మంత్రం ఏమీ లేదు. ఆ మొగుడు ఆ రోజు అంతసేపూ బయట బెంచీ మీద ఆమె అన్నం క్యారియరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండి, లోపలికి వచ్చి నోరు విప్పవయ్యా అని కేకేశాను.

తువ్వాలు కింద చెయ్యి

ఇక ఓబులేసు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను ఎక్కువ పరుగులు పెట్టించిన మనిషి ఇతనే.

కంబదూరు దగ్గర ఒక పల్లె. వయసు నలభై దాటి ఉంటుంది. కుడిచెయ్యి మీద తువ్వాలు కప్పుకుని నా గదిలోకి వచ్చి, తలుపు వేయమన్నాడు.

"ఏమప్పా, తువ్వాలు కింద ఏం దాచినావు?" అన్నాను.

"చెయ్యక్కా" అన్నాడు.

తువ్వాలు తీస్తే ఆ చెయ్యి ముంజేతి నుంచి వేళ్ల దాకా ఊగిపోతోంది. నీళ్ల గ్లాసు ఇస్తే సగం చొక్కా మీద పోసుకున్నాడు. ఎప్పటి నుంచి అంటే, "మాయన్న పోయినప్పటి నుంచి" అని గబుక్కున అని తలుపు వైపు చూశాడు.

అతను నీళ్లు చూసేవాడు. మన వైపు బోరు వేయించే ముందు ఇలాంటివాళ్లను పిలుస్తారు. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని చేనంతా నడుస్తారు. కాయ నిలువుగా లేచిన చోట నీళ్లున్నట్టు. ఓబులేసు మొదట అలాగే చూసేవాడు. అన్న పోయాక చెయ్యి వణకడం మొదలైంది. ఒకసారి ఎవరి చేన్లోనో నడుస్తుంటే చెయ్యి విపరీతంగా ఊగింది. అక్కడ బోరు వేస్తే నీళ్లు పడ్డాయి. అంతే, ఇక కొబ్బరికాయతో పని లేకపోయింది. అతను 'వణుకు ఓబులేసు' అయిపోయాడు. జీపులు పెట్టుకుని వచ్చి తీసుకుపోయేవాళ్లు. నీళ్లు పడ్డవాడు నాలుగూళ్లకు చాటేవాడు. పడనివాడు తన నేలకు రాతలేదని నోరు మూసుకునేవాడు. అతని పేరు పెరుగుతూనే పోయింది.

"మరి ఇంత పేరు తెచ్చిన చెయ్యిని బాగు చేయమంటావెందుకు?" అని అడిగాను.

"మా వదిన బోరు ఏపిస్తాదంటక్కా. సుంకమ్మ, మాయన్న పెండ్లాం. నేను చూపించిన చోటే ఏపిస్తా అంటాండాది. దానికోసరం గొర్రెల్ని అమ్ముతాదంట. వణుకు పోతే, శక్తి పోయింది వదినా అని చెప్పి తప్పించుకుంటా."

"గొర్రెలు పోతే ఆమెకింకేముంది?"

"ఏముండాదక్కా. బోర్లో నీళ్లు పడక దుమ్ము లేసిందంటే కొంపకు తాళమేసి బెంగళూరుకు మట్టిపనికి పోవాల్సిందే."

"శక్తీ లేదు, ఏమీ లేదు అని ఇప్పుడే చెప్పొచ్చు కదా?"

అతను చెయ్యి పైకెత్తి చూపించాడు. "ఇది ఇట్ల ఊగుతాండగా చెప్తే ఎవరు నమ్ముతారక్కా?"

నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. బెంగళూరులో నరాల డాక్టరు దగ్గరికి పంపి అన్ని పరీక్షలూ చేయించాం. జబ్బేమీ లేదని తేలింది. పెద్దాయన కాగితాలు చూసి, "నాటకం. దాని మీదే బతుకుతున్నాడు కదా" అన్నాడు.

"నాటకమైతే ఆపమని మన దగ్గరికెందుకొస్తాడు సార్?" అన్నాను.

ఆయన ఇంకో ఫిల్ము తీసుకుని వెలుతురుకు పట్టుకున్నాడు.

ఆటో స్టార్టరు

మొదట పుస్తకంలో ఉన్నదే చేశాను. మణికట్టుకు బరువు కట్టాను. చెయ్యి ఆగింది, వణుకు భుజంలోకి పోయింది. భుజం పట్టుకుంటే మెడలోకి ఎక్కింది. "వదులు చెయ్యప్పా, వదులు చెయ్యి" అని అరుస్తుంటే అతను పళ్లు బిగించి వదులు చేయడానికి చూసేవాడు. చెబితే వదులయ్యే ఒళ్లయితే అతను నా దాకా ఎందుకు వస్తాడు? మీరెవరూ ఆ మాట ఏ రోగితోనూ అనకండి. నిద్ర పట్టనివాడిని నిద్రపో అన్నట్టే.

ఒకరోజు మాటల్లో, ఊళ్లో చెక్కభజనకు ఇప్పటికీ పోతున్నానని అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. "ఈ చేత్తో చెక్కలెట్ల కొడతావు?" "ఆడ వణకదక్కా" అన్నాడు, అదేం వింత కాదన్నట్టు. చంకకర్రలు చేసే మా వడ్రంగి దగ్గర రెండు జతల చెక్కముక్కలు తెప్పించాను. ఓబులేసు లేచి, చెప్పులు విడిచి, అడుగు వేస్తూ వాయించాడు. చెయ్యి ఊగలేదు. తాళం ఎక్కడా తప్పలేదు. ఆపిన కాసేపటికి మళ్లీ మొదలైంది.

పెద్దాయన తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూశాడు. "చూశావా? నేను చెప్పలా?" అన్నాడు. నాకు తోచింది వేరు. వణుకు అతను చేస్తున్నది కాదు, అతనికి జరుగుతున్నది. కాళ్లు అడుగు వేస్తూ, ఊపిరి పాటతో పోతున్నప్పుడు లోపల ఏదో భయం తగ్గుతోంది.

ఓబులేసుకు అతని భాషలో చెప్పాను. "మీ చేన్లో మోటారుకు ఆటో స్టార్టరు ఉంటుంది గదా. కరెంటు వస్తే చాలు, మనిషి లేకపోయినా మోటారు దానంతటదే తిరుగుతుంది. నీ నరాలు అట్ల అయినాయి. ఎప్పుడో ఒకసారి ప్రమాదమొచ్చింది. అది అయిపోయిందని వాటికి ఎవరూ చెప్పలేదు."

"బోరు ఎండిపోయినా తిరుగుతాంటాది. ఆఖరుకు కాలిపోతాది" అన్నాడు అతను.

ఆ తర్వాత నుంచి కూర్చోబెట్టడం మొదలుపెట్టాను. కుదురులేని నేను ఇంకొకరిని కుదురుగా కూర్చోబెట్టడమంటే చూసేవాళ్లకు వినోదంగానే ఉండి ఉంటుంది. అరికాళ్లు నేలకు ఆనించడం, ఊపిరి నిదానంగా, పొడుగ్గా వదలడం, ఒంట్లో ఏం కదులుతోందో చెప్పడం, అంతే. ఆసుపత్రి వెనక మునగచెట్లకు బోరునీళ్లు పారే కాలువ ఉండేది. దాని గట్టు మీద కూర్చున్నప్పుడు అతని చెయ్యి దాదాపు ఆగిపోయేది. అదే మనిషిని ప్రహరీ అవతల బీడునేలలోకి తీసుకుపోతే నాలుగడుగులకే మొదలు.

"యాడ మొదలైంది?"

"ఈడ" అని పక్కటెముకల కింద చూపించాడు. "కడుపు బిగదీసుకుంటాది. అప్పుడు ఊపిరి ఇరుక్కుంటాది. ఆ యెనక చెయ్యి."

అటూ ఇటూ చాలాసార్లు తిప్పి చూశాను. ఒకటే తీరు. ఇక ఆపుకోలేకపోయాను. "ఓబులేసూ, నీ చెయ్యి నీళ్లున్న చోట నిమ్మళంగా ఉండాది. ఎండిన నేల తగిలితే వణుకుతాండాది. ఊరంతా తిరగేసి చదువుకుంటాండారు."

అతని మొహం నల్లబడింది. లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వారం వారం వచ్చేవాడు రావడం మానేశాడు. ఫోన్ ఎత్తడు. బస్సు ఆగిన చప్పుడైనప్పుడల్లా నేను కిటికీ దగ్గరికి పోయేదాన్ని. తొందరపడి ముందే చెప్పేశానా, అసలు చెప్పకూడదా అని ఇంట్లో తిరుగుతుంటే మా ఆయన భోజనం చల్లారిపోతోందని కేకలు.

అన్నం మేం కలిపి పెడతాం

అతని బదులు అతని ఊరివాళ్లు వచ్చారు. ఆటో నిండా మగవాళ్లు. చెప్పులు బయట విడిచి, నా గదిలో వరసగా నిలబడ్డారు.

"మేడమ్, మా ఓబులేసు చెయ్యి బాగు చేస్తాండారంట?" అని వాళ్లలో ఒక ముసలాయన మొదలుపెట్టాడు.

"అవునప్పా. తప్పా?"

"తప్పని కాదు. అది బాగైతే మా చేన్లకు నీళ్లెవరు చూస్తారు? వానలు ఎట్లుండాయో మీకు తెలీదా?"

"ఆ మనిషి అన్నం ముద్ద నోటికి పెట్టుకోలేకపోతాండాడు. మీకు కనపడదా?"

"దానిదేముండాది మేడమ్? అన్నం మేం కలిపి పెడతాం" అన్నాడు ఆయన, ఎంతో దయగా.

కోపం తలకెక్కింది. అందరినీ బయటికి నడవమన్నాను. వాళ్లు పోయాక కోపం నిలవలేదు. నీళ్లు లేని నేల మీద పుట్టి, మబ్బును చూసి చూసి మెడలు పడిపోయినవాళ్లు. వణికే చెయ్యి ఒకటి దొరికింది, పట్టుకున్నారు. వాళ్లలో ఎవరి కడుపు కూడా వదులుగా లేదు. నిలబడిన తీరు చూస్తేనే తెలుస్తుంది.

తర్వాత కొన్నాళ్లకు ఓబులేసు వచ్చాడు. కూర్చోమనక ముందే కాలువ గట్టు మీద కూర్చున్నాడు. చెప్పులు విడిచాడు.

"ఆ పొద్దు బోరుకు చోటు చూపించింది నేనేనక్కా" అన్నాడు. "మాయన్న రామాంజి చేన్లో. బోరేసే రిగ్గు దిగి పోతానే ఉండాది, నీళ్ల జాడ లేదు. మాయన్న ఆపుదామా అని నా తట్టు చూసినాడు. రిగ్గు మోతకు మాటినపడదు. నేను ఈ చేత్తో రెండు వేళ్లు చూపించినా. ఇంగో రెండు రాడ్లు పోనీమని. పోయినాయి. తెల్లగా దుమ్ము లేసింది. చేనంతా కమ్ముకున్యాది. ఆ దుమ్ములో మాయన్న ఎదురు రొమ్ము పట్టుకోని ఒరిగిపోతాంటే యెనకనుంచి ఈ చేత్తోనే పట్టుకున్నా. నా చేతి కిందనే గుండె కొట్టుకోని కొట్టుకోని నిలిచిపోయింది."

అతను వేళ్లు చూపించిన చెయ్యి, అన్నను పట్టుకున్న చెయ్యి, ఇప్పుడు ఒళ్లో పెట్టుకున్న చెయ్యి ఒకటే. అది ఊగుతుంటే అతను దాని వైపు చూడడం లేదు. నేను ఓదార్చలేదు. అరికాళ్ల కింద ఏముంది అని అడిగాను. "తేమ" అన్నాడు. ఊపిరి వదలమన్నాను. వదిలాడు. చాలాసేపటికి ఏడుపు వచ్చింది. గట్టిగా, చిన్నపిల్లల మాదిరి ఏడ్చాడు. తోటమాలి పరుగెత్తుకొచ్చి నన్ను చూసి వెనక్కి పోయాడు. ఆ తర్వాత చెయ్యి ఆగింది.

ఆ రోజుతో అంతా నయమైపోయిందని మీరు అనుకుంటే ఈ వృత్తి మీకు పనికిరాదు. మళ్లీ వచ్చింది, తగ్గింది, వచ్చింది. కానీ వస్తున్నప్పుడు అది ఏమిటో అతనికి తెలుస్తోంది. "అన్న కాడికి పోతాండాదక్కా చెయ్యి" అనేవాడు.

"మీ వదినకు చెప్పు" అన్నాను.

"మొగుణ్ని సంపినోడు అంటాది."

సుంకమ్మ చేను

సుంకమ్మ నాకే ఫోన్ చేసింది. నంబరు ఎక్కడ సంపాదించిందో. పలకరింపు లేదు, ఏమీ లేదు.

"ఏం మేడమ్, మా మరిదికి ఏం నూరిపోసినావు? ఊరందరి చేన్లూ తొక్కినోడు నా చేని గట్టు గూడా ఎక్కడు. నేనేమన్నా పరాయిదాన్నా? వాళ్లన్న పోతే నేను ఆ ఇంటికి కానిదాన్నయిపోయినానా? గొర్రెలకు బేరం కుదిరింది. రేపు రిగ్గొస్తాది. ఆడు వచ్చి చూపిస్తే సరి. లేదంటే నేనే కండ్లు మూసుకోని యాడో ఒకసోట ఏపిస్తా."

ఓబులేసుకు ఫోన్ చేసి చెప్పాను. "నువ్వు గూడా రాక్కా" అన్నాడు.

పొద్దున్నే బస్సెక్కి పోయాను. వాళ్లూరు చేరేసరికి రిగ్గు వచ్చేసింది. చేని దారిలో రాడ్ల లారీతో పాటు నిలబడి ఉంది. చేనంతా మోడు. చెనిక్కాయ కొట్టాక మిగిలిన వేరుశనగ కట్టె కూడా మేకలు తినిపోయాయి. నడుమ ఒక బండరాయి. దాని కింద రామాంజి వేయించిన పాత బోరు ఉంది, పిల్లలు పడకుండా మూశారు. గొర్రెలు గట్టు అవతల దొడ్లో ఉన్నాయి, బేరగాడు వాటి నడుములు తడిమి చూస్తున్నాడు. ఊరి జనం గట్టు పొడుగునా చేరారు. నా కాళ్లు ఒక చోట నిలవడం లేదు.

సుంకమ్మ కొంగు నడుముకు చెక్కుకుని నిలబడింది. సన్నటి మనిషి, దవడలు బిగించి ఉంది. మరిదిని చూసి పలకరించలేదు. చేను వైపు చెయ్యి చూపించింది.

ఓబులేసు చెప్పులు విడిచి దిగాడు. అంచు వెంబడి నడిచాడు. చెయ్యి కొద్దిగా అదురుతోంది, అంతే. ఆగి ఊపిరి వదలడం నాకు దూరం నుంచే తెలుస్తోంది. ఇంకా నడిచాడు. జనం గుసగుసలు. "ఏమప్పా, నిజంగానే పాయనా శక్తి?" అని ఎవరో అన్నారు. ఇక బయటపడ్డాడు అనుకున్నాను. నీళ్లు లేవు అని చెప్పి వచ్చేస్తే చాలు, గొర్రెలు దక్కుతాయి.

కానీ అతను బండరాయి వైపు తిరిగాడు. ఎవరూ పొమ్మనలేదు. రాయి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి మొదలైంది. ఇంతకుముందు నేనెప్పుడూ అంత వణుకు చూడలేదు. భుజం, తల, మోకాళ్లు, మనిషి మొత్తం ఊగిపోయాడు.

జనం ఒక్కసారిగా అరిచారు. "చూడు చూడు, ఎట్ల ఊగుతాండాదో! ఈ కిందనే ఉండాయి నీళ్లు!" ఎవడో కొబ్బరికాయ తీసుకుని పరుగెత్తాడు.

సుంకమ్మ మొహం చూశాను. బిగించిన దవడ విడిపోయింది. ఎప్పటి నుంచో కావాలనుకున్నది దొరికినట్టు చేన్లోకి పరుగెత్తింది. "ఈడేనా ఓబులేసూ? ఈ అడుగునే ఉండాయా? ఇంగొంచెం పోయింటే పడిందునా?"

నా నోటి దాకా వచ్చింది. నీళ్లు కాదమ్మా, అది భయం అని అరవాలనిపించింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. అది నేను చెబితే డాక్టరమ్మ మాట అవుతుంది. అతను చెప్పకపోతే ఆ వణుకుకు ఎప్పటికీ నీళ్లనే పేరే ఉంటుంది.

ఓబులేసు నిలబడలేక రాయి పక్కన కూలబడ్డాడు. రెండు కాళ్లూ మట్టిలో ఆనించాడు. ఊపిరి పొడుగ్గా వదిలాడు.

"వదినా, ఇది నీళ్లు కాదు. మాయన్న."

ఆమె ఆగిపోయింది.

"ఆపుదామా అన్నాడు వదినా మాయన్న. నేనే పోనీమన్నా. ఈ చేత్తోనే రెండు వేళ్లు చూపించినా. అప్పుడు ఆపింటే ఆ దుమ్ము లేసేది కాదు, మాయన్న పోయేటోడు కాదు. ఆ పొద్దునుంచి ఇట్ల ఊగుతాండాది. దీనికి నీళ్లు తెలీవు వదినా. ఏ పొద్దూ తెలీవు."

గట్టు మీద కేకలు లేచాయి. మా బోర్ల సంగతేంది, మమ్మల్ని మోసం చేసినావా అని ఎవరెవరో అరుస్తున్నారు. కొబ్బరికాయ తెచ్చినవాడు దాన్ని పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. నేను చేన్లోకి దిగాను. సుంకమ్మ కొడుతుందేమో అనిపించింది.

ఆమె అతని ఎదురుగా మట్టిలో కూర్చుంది.

"నువ్వొక్కడివే అన్నావా?" అంది. "నువ్వు వేళ్లు చూపించినాక మీయన్న నా తట్టు తిరిగి చూసినాడు. నేను ఆ గట్టు మీదనే అన్నం గంప కాడ ఉన్నా. కానీయి అని నేను తల ఊపినా ఓబులేసూ. నేను ఊపినాకనే ఆయప్ప కానీమన్నాడు."

ఆమె అరచేత్తో బండరాయిని తట్టింది. "ఈ అడుగున నీళ్లుంటే, నేను తల ఊపింది తప్పు కాదని గదా. అందుకే ఏపియ్యాలనుకున్నా."

ఆమె ఊగుతున్న ఆ చెయ్యిని రెండు చేతులతో తీసుకుంది. నొక్కి ఆపడానికి చూడలేదు. ఒళ్లో పెట్టుకుంది. ఆ వణుకు ఆమె మోచేతుల దాకా పాకడం నాకు కనబడుతోంది. ఇద్దరూ ఏడుస్తున్నారు. అరుస్తున్నవాళ్లు ఒక్కొక్కరే తగ్గారు.

రిగ్గు మేస్త్రీకి ఇదేమీ పట్టలేదు. ఎండ ముదురుతోంది, అతనికి ఇంకో ఊళ్లో పని ఉంది. దారి మీదనుంచే కేకేశాడు. "ఏమక్కా, యాడ దించేది? తొందరగా చెప్పు."

సుంకమ్మ ఆ చెయ్యి వదలకుండానే తల తిప్పింది.

"వాపసు తిప్పుకోప్పా బండిని" అంది. "ఈడ మా ఇంటాయన ఉండాడు."